ఒక పల్లె, పలు మాధ్యమములు: లక్ష్మాగౌడ్ చిత్రకళ



చిత్రములు లేని సభలో చిత్రకారునిగూర్చి ప్రసంగించుట, విస్తరిలో వడ్డన లేకుండ వంటను మెచ్చుకొనుట వంటిది. 2024లో శ్రీవిజయపురముగా పేరు మారిన ఈ పోర్టుబ్లెయిరునకును చెన్నపట్టణమునకును నడుమ సముద్రమే సుమారు 1,360 కిలోమీటర్లు. హైదరాబాదు చిత్రశాలలు దానికి ఆవల ఇంకను దూరము. ఇక్కడివారికి గొప్ప చిత్రకారుల కృషి పుస్తకములలోని అచ్చుబొమ్మలుగానే చేరును. ఐనను నేటి ప్రసంగమునకు విషయమైన శ్రీ కలాల్ లక్ష్మాగౌడ్ గారి విషయమున ఒక సౌకర్యము కలదు. ఆయన చిత్రించిన వస్తువులను తెలుగువారికి పరిచయము చేయనక్కరలేదు. తాటిచెట్టు, మేక, బండరాయి, మట్టిగోడ, ముక్కుపుడక పెట్టుకొన్న స్త్రీ, తలపాగ చుట్టుకొన్న పురుషుడు, ఇంతే. అరువదేండ్లుగా దాదాపు ఇవే వస్తువులు. చెప్పవలసినదంతయు అవి ఏయే పదార్థములలో ఏయే రూపములు దాల్చినవో, ఎందుకు దాల్చినవో అన్నదే.

ఇది విమర్శకుని తీర్పు కాదు. మిత్రభావముతో చేయు ప్రశంస. మిత్రుడు మనసార మెచ్చుకొనును గాని మొగమాటమునకు మెచ్చుకొనడు గనుక, కొరతగా తోచినదానిని గూడ తగినచోట చెప్పవలసియుండును.

లక్ష్మాగౌడ్ గారు 1940లో నాటి మెదక్ జిల్లాలోని నిజాంపూర్ గ్రామమున జన్మించిరి. హైదరాబాదులోని ప్రభుత్వ చిత్రకళాశాలలో చదివి 1963లో డిప్లొమా పుచ్చుకొనిరి. పిమ్మట బరోడాకు పోయి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున కుడ్యచిత్రణమును, ముద్రణచిత్రకళను అభ్యసించిరి. ఈ సభలోనివారికి ప్రత్యేకముగా రుచించు సంగతి ఒకటి కలదు. ఆయనయు కొంతకాలము కేంద్రప్రభుత్వోద్యోగియే. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమున చిత్రవిభాగములో పనిచేసిరి. హాజరుపట్టీలో సంతకము చేసి, ఆపై తెల్లకాగితము ముందు కూర్చుండి కళాకారుడుగా మిగులుట ఎంత కష్టమో ఇక్కడివారికి వివరింప బనిలేదు. ఆ తరువాత హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములోని సరోజినీ నాయుడు కళాశాలలో ఆచార్యులై, దానికి అధిపతియు నైరి. 2016లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది.

బరోడాలో ఆయనకు లభించిన గురువు కె.జి. సుబ్రహ్మణ్యన్ (1924–2016). ఈ పేరును తొందరగా దాటిపోరాదు. సుబ్రహ్మణ్యన్ కేరళమున పుట్టి, శాంతినికేతనమున నందలాల్ బోసు, వినోద విహారి ముఖర్జీలకు శిష్యుడైనవాడు. చిత్రము వేయును, బొమ్మలు చేయును, మగ్గము తెలిసినవాడు, పిల్లలకు పుస్తకములు వ్రాసినవాడు. లక్నోలోని రవీంద్రాలయమునకు 1963 ప్రాంతమున ఆయన కాల్చిన మట్టిపలకలతో గొప్ప కుడ్యమును నిర్మించెను. సరిగా ఆ యేడే నిజాంపూర్ యువకుడు బరోడా చేరుట జరిగినది. కుమ్మరి చేయునది హస్తకళ, చిత్రశాలలో వ్రేలాడునది మహాకళ అను గోడ ఆ గురువునకు లేదు. చేతికి దొరకిన పదార్థమేదో దానితో మాట్లాడవలెను, దాని భాష నేర్చుకొనవలెను అన్నది ఆయన బోధలోని సారము. శిష్యుడు ఆ పాఠమును పూర్తిగా వినియోగించుకొనుటకు నలుబది సంవత్సరములు పట్టినదని చెప్పవచ్చును.

ఎందుచేతననగా, మొదట ఆయన పేరు తెచ్చుకొన్నది పలు మాధ్యమములలో కాదు, ఒకే మాధ్యమములో. అది ఎచింగ్. 1960ల చివరను, 1970లలోను ఆయన చేసిన నలుపుతెలుపు ముద్రణచిత్రములు దేశములోని కళాభిజ్ఞుల దృష్టిని ఆకర్షించినవి. ఈ ఎచింగ్ అన్నదేమో కొంచెము నెమ్మదిగా తెలిసికొనుట మంచిది. తరువాతి కథకంతకును తాళపుచెవి దీనిలోనే యున్నది.

జింకు రేకునో రాగి రేకునో నునుపుగా సానపట్టి, దానిమీద మైనము, రెజిన్ కలిసిన పలుచని పూత పూయుదురు. ఆ పూతమీద సూదితో గీయుదురు. సూది పోయినచోట మైనము లేచిపోయి లోహము బయటపడును. అప్పుడు రేకును నత్రికామ్లములో ముంచుదురు. మైనమున్నచోట ఆమ్లము ముట్టదు. గీతలున్నచోట లోహమును కొరుకును. ఎక్కువసేపుంచిన గీత లోతగును, లోతైన గీత అచ్చులో నల్లనగును. ఆపై పూతను తుడిచివేసి, గాట్లలో సిరా నిండునట్లు రుద్ది, పైభాగమును శుభ్రముగా తుడిచి, తడికాగితముతో యంత్రములో ఒత్తుదురు. కాగితము గాట్లలోనికి దిగి సిరాను పైకి తీయును. బొమ్మ కుడియెడమలు తారుమారై అచ్చగును. గీతలే కాక మబ్బువంటి నీడ కావలెనన్న, రేకుమీద రెజిన్ పొడి చల్లి వేడిచేసి, ఆ రేణువుల సందులలో ఆమ్లము కొరుకునట్లు చేయుదురు. దానిని ఆక్వాటింట్ అందురు.

గమనింపవలసినవి మూడు. బొమ్మను తిరుగుగా ఊహింపగల కన్ను కావలెను. మైనముతో పని తెలియవలెను. చేతికి లొంగని ఒక శక్తికి, అనగా ఆమ్లమునకు, బొమ్మను కొంతసేపు అప్పగించి ఓర్పుతో వేచియుండవలెను. ఈ మూడింటిని మనసులో ఉంచుకొన్నచో, తరువాత ఆయన గాజుమీదికి, మట్టిలోనికి, కంచులోనికి పోయినప్పుడు ఆశ్చర్యము కలుగదు.

ఆ ఎచింగులలో నున్న ప్రపంచము బరోడానుండి తిరిగివచ్చిన కన్ను చూచిన పల్లె. దూరము పోయివచ్చినవానికి ఊరు కొత్తగా కనబడును. ఈ అనుభవము సముద్రము దాటి సెలవులో స్వగ్రామము పోవు వారందరిదియును. చెట్టు మొదలు మనిషి తొడవలె, బండరాయి మేక వీపువలె, మేక కన్ను మనిషి కన్నువలె ఒకదానిలోనికొకటి కలిసిపోయియుండును. స్త్రీపురుషుల ఆకర్షణ వీనిలో దాపరికము లేక కనబడును. కుటుంబములు కూర్చున్న సభలో ఈ మాట దాచుట కళకు అన్యాయము. మన ఆలయగోపురములమీది శిల్పులు దాచలేదు. శాతవాహనరాజగు హాలుడు ప్రాకృతమున సంకలనము చేసినట్లు ప్రసిద్ధమైన గాథాసప్తశతి పల్లెజనుల వలపుమాటలతోనే నిండియున్నది. లక్ష్మాగౌడ్ గారి పల్లెలో కామము పంటవలె, వానవలె, మేకలమందవలె ఒక సహజవ్యాపారము. నగరమునకు వచ్చి చదువుకొన్న పిమ్మట సిగ్గుపడవలసిన సంగతిగా మారినదానిని, సిగ్గు పుట్టకముందున్న స్థితిలో చూపవలెనని ఆయన ప్రయత్నము కాబోలు.

కీర్తి వచ్చిన తరువాత కళాకారునకు ఒక ఆపద వచ్చును. కొనువారు అదే కావలెనందురు. నలుపుతెలుపు ఎచింగులతో పేరుపడినవాడు జీవితాంతము అవే చేసినను ఎవ్వరును తప్పు పట్టరు. పైగా మన సమాజములో బహుముఖప్రజ్ఞ యన్నచో పొగడ్తయు, అనుమానమును రెండును కలిసియుండును. అన్నిటిలో వేలు పెట్టువాడు ఏదియు తుదముట్టింపడని పెద్దల మాట. అడవి బాపిరాజు గారు (1895–1952) నవలలు వ్రాసిరి, పాటలు కట్టిరి, చిత్రములు వేసిరి, బందరు జాతీయకళాశాలకు అధ్యక్షత వహించిరి. నవలారచయితగా పొందిన కీర్తిలో చిత్రకారుడు కొంత మరుగుపడెనన్నది నిజము. కనుక ఒక్క మాధ్యమమున స్థిరపడిన చేయి మరొకదానికి పోవుట చిన్న సాహసము కాదు.

లక్ష్మాగౌడ్ గారి చేయి మొదట రంగులోనికి పోయెను. కాగితముమీద కలముతో సిరాగీత. దానిపై నీటిరంగు పలుచని పూత. అక్కడక్కడ గువాష్, అనగా తెల్లపొడి కలిపి దట్టము చేసిన నీటిరంగు. దానిపై పాస్టెల్ సుద్ద రాపిడి. మిశ్రమమాధ్యమమని ఇప్పుడు వ్యవహరించునది ఇదే. వంటింటి సామ్యమున చెప్పవలెనన్న, ఇది పులుసు వంటిది కాదు. పులుసులో అన్నియు కరగి ఒకే రుచి యగును. ఇక్కడ ప్రతి పదార్థము తన గుణమును వదలక నిలుచును. సిరాగీత ఎముకవలె గట్టిగా నుండును. నీటిరంగు తనలోనుండి కాగితపు తెలుపును చూపును. గువాష్ వెలుతురును అడ్డగించి మట్టిగోడవలె మూసియుంచును. పాస్టెల్ ఎండలో నడచివచ్చినవాని ఒంటిమీది దుమ్మువలె పైపైన అంటియుండును. తెలంగాణపు వేసవిమధ్యాహ్నమును చూపుటకు ఈ దుమ్ము అవసరము. ఒక్క నీటిరంగుతో అది రాదు. చిత్రములోని స్త్రీ చీర నీటిరంగుగాను, ఆమె వెనుక గోడ గువాషుగాను, ఆ రెంటి నడుమ గాలి పాస్టెల్ గాను ఉన్నప్పుడు, ఏ మాధ్యమము ఎందుకు వచ్చెనో చూచువాని కన్నే గ్రహించును.

ఈ కలయిక పాశ్చాత్యుల కొత్త కల్పన యని తలచువారు కలరు. 1912లో పికాసో నూనెరంగుచిత్రములో కుర్చీ అల్లిక ముద్రించిన నూనెగుడ్డను అతికించి చుట్టును తాడు బిగించుట పాశ్చాత్యచిత్రకళలో కొత్తదారియైన మాట నిజమే. అచ్చట అది కొత్తదారియగుటకు కారణము, అంతకుముందు కొన్ని శతాబ్దులుగా చిత్రమన్నచో నూనెరంగు, గుడ్డ, చట్రము అని నిర్ణయమై యుండుట. మన దేశములో అట్టి నిర్ణయము ఎన్నడును లేదు. శ్రీకాళహస్తి కలంకారీని చూడుడు. గుడ్డను కరక్కాయరసము, పాలు కలిపి నానబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి నల్లసిరా తీయుదురు. పటికతో అద్ది, వేళ్ళ చెక్కలతో ఉడికించి ఎరుపు రప్పించుదురు, నీలిమందుతో నీలము పట్టించుదురు. గుడ్డ, పాలు, లోహము, ఖనిజము, చెట్టు అన్నియు కలిసి ఒక్క చిత్రము. చేర్యాల పటములలో ఖద్దరుగుడ్డకు చింతగింజల జిగురు, గంజి, తెల్లమట్టి పట్టించి, దానిపై కథ వ్రాయుదురు. తోలుబొమ్మలాటలో మేకతోలును వెలుతురు దూరునంత పలుచన చేసి, రెండువైపుల రంగు వేసి, ఆభరణములున్నచోట రంధ్రములు పొడుచుదురు. దీపము వెలిగించువరకు ఆ బొమ్మ పూర్తి కాదు. అనగా వెలుతురు గూడ అచ్చట ఒక మాధ్యమమే. సుబ్రహ్మణ్యన్ శిష్యుడైన తెలుగువానికి ఈ దారి బయటనుండి అరువు తెచ్చుకొనవలసినది కాదు.

తోలుబొమ్మనుండి గాజుచిత్రమునకు ఒక్క అడుగు. పూర్వము మన యిండ్లలో దేవుని అరలో గాజుపటములుండెడివి. కృష్ణుడు, లక్ష్మి, రామపట్టాభిషేకము. అద్దము వెనుకవైపున రంగులు వేసి ముందువైపునుండి చూచునవి. ఈ విద్య 18వ శతాబ్దిలో చీనావారి వర్తకమార్గమున మన దేశమునకు వచ్చి, తంజావూరు మొదలైనచోట్ల స్థిరపడినది. అచ్చుపటములు చవుకగా వచ్చిన పిదప క్షీణించినది. లక్ష్మాగౌడ్ గారు దీనిని చేపట్టిరి. ఆయన గాజుచిత్రములలో దేవతలు లేరు. ఆ స్థానమున నిజాంపూర్ స్త్రీపురుషులు కూర్చుండిరి.

గాజుమీద పని తలక్రిందుల పని. మామూలు చిత్రమున ముందు నేల, తరువాత దేహము, దానిమీద చీర, చిట్టచివర కంటిపాప, ముక్కుపుడక మెరపు. గాజుమీద మెరపుచుక్క మొదట వేయవలెను. పిమ్మట కంటిపాప, దాని వెనుక తెలుపు, దాని వెనుక ముఖపువన్నె, అన్నిటికంటె వెనుక ఆకాశము. ఒకసారి వెనుకరంగు పడిన పిమ్మట ముందుదానిని దిద్దుటకు వీలులేదు. బొమ్మ కుడియెడమలు గూడ మారును. సామాన్యునకు ఇది తికమకగా నుండును గాని, యౌవనమునుండి రేకుమీద తిరుగుబొమ్మలు గీసిన ఎచింగ్ చేతికి ఇది అలవాటైన నడకయే. బయటివారు మాధ్యమము మార్చెననుకొన్నచోట ఆయన పాతవిద్యనే కొత్త అద్దములో చూచుకొనిరి.

మట్టిపని అంతే. కాల్చిన మట్టితో ఆయన చేసిన తలలలో, పలకలలో ముఖములు పల్లెటూరి అమ్మవారి ముఖములకు దగ్గర చుట్టములు. పచ్చిమట్టిమీద మొనతో గీయుట, మైనముమీద సూదితో గీయుటకు తోబుట్టువు. ఆమ్లము స్థానమున ఇక్కడ నిప్పు వచ్చెను. ఆవములో పెట్టిన పిదప చేతికి అధికారము లేదు. మట్టిలోని గాలిబుడగ, కట్టెమంట, చల్లారు వేగము నిర్ణయించును. పగిలినచో పగిలినట్లే. ఓర్పు తెలియని చిత్రకారుడు కుమ్మరి కాజాలడు. కంచు విషయమున మైనము మరల ఎదురగును. ఆదిలాబాదు ఓజవారు నేటికిని చేయు పోతపనిలోవలె, మైనముతో రూపము చేసి, దానిచుట్టు మట్టి పొదిగి, కాల్చినచో మైనము కరగి పోయి లోపల రూపపు ఖాళీ మిగులును. ఆ ఖాళీలోనికి కరగిన లోహము పోయుదురు. ఎచింగులో లోహమును కాపాడిన మైనమే ఇక్కడ లోహమునకు చోటు విడిచి తాను మాయమగును. పదార్థముల ఈ బంధుత్వమును తెలిసినవానికి బహుముఖప్రజ్ఞ యన్నది పలుదిక్కుల పరుగు కాదు. ఒకే ఇంటిలో ఒక గదినుండి మరొక గదికి నడచుట.

మొగమాటము లేని మాట చెప్పుదుమన్న వాగ్దానము ఒకటి కలదు. రంగుల దశలోని కొన్ని చిత్రములలో ముఖములు మరీ సొగసైనవి. ముక్కుపుడక, కాటుక, పూలచీర అలంకారముగా మారి, బొగ్గువంటి నలుపులో మెరసిన పాత క్రౌర్యము సడలినట్లు తోచును. ధనికుల గోడలమీద పల్లె ఒక అందమైన సామానుగా కూర్చుండు ప్రమాదము ప్రతి విజయవంతుడైన పల్లెచిత్రకారునకు కలదు. ఆయన మాధ్యమములు మార్చుటలోని రహస్యము గూడ ఇదేనని ఊహింపవచ్చును. చేయి ఒకదానిలో మరీ సులువుగా పరుగిడునప్పుడు, గీత తనంతట అందముగా వచ్చునప్పుడు, అది అబద్ధమాడుట మొదలిడును. అప్పుడు గాజో మట్టియో చేతిని మరల విద్యార్థిని చేయును. మట్టితలలలోని మొరటుతనము చూచినవారు, ఎచింగులనాటి పల్లె మరలివచ్చెనని సంతోషింతురు. ఆయన కృషిలో అన్నిటికంటె శ్రేష్ఠమైనవి మొదటి ఎచింగులును, ఈ మట్టిముఖములును అని చెప్పుట సాహసమైనను చెప్పకతప్పదు.

వేరొక మార్గము లేదా యన్నచో, కలదు. ఆయన సమకాలికుడు, అదే సుబ్రహ్మణ్యన్ వద్ద నేర్చినవాడు, తోట వైకుంఠము గారు కరీంనగరు ప్రాంతపు స్త్రీని, ఎర్రబొట్టుతో, నిండురంగు చీరతో, దశాబ్దులుగా వేయుచున్నారు. వారు స్థిరముగా ఒక్క బొమ్మలోనే లోతు వెదకిరి. ఆయనకును వేరొక ముఖము లేకపోలేదు: బి. నరసింగరావు గారి ‘దాసి’ చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి 1988 సంవత్సరపు జాతీయ బహుమానము పొందిరి. ఒకే గురువువద్దనుండి ఇద్దరు చెరియొక దారి పట్టుట ఆ గురువు గొప్పతనము.

ఇక ఈ ప్రసంగమును ఈ ద్వీపములలో చేయుటకు గల కారణము చెప్పవలెను. పదార్థముతో మాట్లాడు కళ ఇక్కడి ఆదిమవాసులకు ఎన్నటినుండియో సహజము. ఇచ్చటి మానవశాస్త్ర ప్రదర్శనశాలను పిల్లలకు చూపినవారెందరో ఈ సభలో నుందురు. నికోబారువారు రోగపీడలను, దుష్టశక్తులను పారద్రోలుటకు ఇండ్లలో నిలిపిన కొయ్యమనుషులను, జంతువులను చూచినప్పుడు, అవి ఆటబొమ్మలవలె తోచి దాటిపోవుట జరుగును. ఒంగీలలో స్త్రీలు తెల్లమట్టిని, ఎర్రమట్టిని తడిపి భర్తల ముఖములపై గీతలు తీర్చుట గూడ చిత్రకళయే. అచ్చట కాగితము మనుష్యుని చర్మము. ఆ చిత్రము సాయంకాలమునకు చెమటలో కరగిపోవును, మరునాడు మరల వేయుదురు. లక్ష్మాగౌడ్ గారి మట్టితలను చూచి మెచ్చుకొనగల కన్ను, తన యింటికి అరమైలు దూరములోనున్న ఆ కొయ్యమనిషిని గూడ చూడవలసియున్నది.

రెండవ కారణము మన పిల్లలకు సంబంధించినది. శ్రీకాకుళమునుండి, విశాఖనుండి, గోదావరితీరమునుండి వచ్చిన కుటుంబముల బిడ్డలెందరో ఈ గట్టుమీదనే పుట్టిరి. మీ ఊరు బొమ్మ వేయుమన్నచో వీరు రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు వేయుదురు. అది ఏ ఊరును కాదు, క్యాలెండరు ఊరు. తల్లిదండ్రులు చెప్పిన ఊరు వారి చెవిలో నున్నది గాని చేతిలో లేదు. నిజాంపూర్ చిత్రకారునకు గూడ తన పల్లె కంటి ఎదుట నిలిచియుండలేదు. ఆయన చిత్రించిన మోటబావులు, మట్టిగోడలు, తలపాగలు తెలంగాణములో అనేకచోట్ల కనుమరుగైనవి. మిగిలినది జ్ఞాపకము, దానిని రేకులో, గాజులో, మట్టిలో మరల మరల చేసిచూచుటచే అది ఎండిపోలేదు. ముగ్గుపిండితో, కొబ్బరిమట్టతో, ఇక్కడి ఒడ్డున దొరకు గవ్వతో, రంపపుపొట్టుతో అమ్మమ్మగారి ఊరిని చేయుమన్నచో పిల్లలు అడుగు మొదటి ప్రశ్న “ఆ ఊరిలో గోడలు ఏ రంగు?” అన్నది. ఆ ప్రశ్నకు ఇంటిలో పెద్దలు సమాధానము చెప్పవలసివచ్చును. చెప్పలేనిచో ఊరికి ఫోను చేసి కనుగొనవలసివచ్చును. సంఘము యేటేట జరుపు బాలల చిత్రలేఖనపు పోటీకి రంగుపెట్టెలతో బాటు ఒక బుట్టెడు మట్టిని గూడ తెప్పించుట కార్యవర్గమునకు మనవి. ఖర్చు లేదు, గచ్చు కడుగుట మాత్రము కొంచెము కష్టము.

సెలవుప్రయాణపు రాయితీమీద ప్రధానభూమికి పోవువారు ఢిల్లీలోని జాతీయ ఆధునిక చిత్రశాలను గాని, హైదరాబాదు చిత్రశాలలను గాని దర్శించు అవకాశము దొరకినప్పుడు, ఆయన చిత్రముల ముందు తొందరపడక నిలువవలెను. ఎచింగు ముందు నిలిచినప్పుడు మొదట బొమ్మను గాక అంచును చూడవలెను. రేకు ఒత్తిడికి కాగితములో పడిన పల్లము చుట్టును కనబడును. ఆ పల్లములోపల కాగితముమీద సిరా కొంచెము ఉబ్బియుండును. గాజుచిత్రమునకు ఎదురుగా నిలిచినచో తన ముఖమే అడ్డమువచ్చును. కొంచెము ప్రక్కకు జరిగి, దీపము వెలుతురు తప్పించి చూచినచో ముక్కుపుడక చుక్క మొదట పైకి వచ్చును, దాని వెనుక కన్ను, దాని వెనుక ముఖము. చిత్రకారుడు వేసిన క్రమమునే అప్పుడు కన్ను గూడ నడచును. వెంట పిల్లలున్నచో ముందు ఏది వేసెనో చెప్పుకొనుమని వారిని అడుగవచ్చును.